ఒక్క రోజులో నాలుగు పాటలు: జాన్ పీల్ రేడియో సెషన్ల గురించి

(సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. పాటలు వినిపించిన చోట బ్రాకెట్లలో సూచించాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక పాట వినిపిస్తాను, ఆ తర్వాత మాట్లాడుకుందాం. పాట ఎవరిదో, ఏ సంవత్సరానిదో ముందే చెప్పను. ఊరికే వినండి.

[ది స్లిట్స్ బ్యాండ్ 'లవ్ అండ్ రొమాన్స్' వినిపించారు.]

విన్నారు కదా. పాడుతున్న అమ్మాయి పేరు ఆరీ అప్. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. గిటార్ వివ్ ఆల్బర్టీన్, బేస్ టెస్సా పాలిట్, డ్రమ్స్ పామోలివ్. 1977 సెప్టెంబరు 19న లండన్‌లోని బీబీసీ మెయిడా వేల్ స్టూడియోలో రికార్డు చేసిన పాట ఇది. ఆ రోజు ఇలాంటివి నాలుగు పాటలు చేశారు. అప్పటికి వీళ్లకు రికార్డు కంపెనీ లేదు, ఒక్క సింగిల్ (ఒక పాట కోసం విడిగా తెచ్చే రికార్డు) కూడా రాలేదు. మొదటి ఆల్బం 'కట్' రావడానికి ఇంకా రెండేళ్లుంది. అది వచ్చేసరికి పామోలివ్ బ్యాండ్‌లో లేదు. ఇప్పుడు మనం విన్న ఆ డ్రమ్స్ ఉన్నాయే, తాళాన్ని పట్టుకోవడం కంటే ముందుకు తోసుకుపోవడమే పనిగా పెట్టుకున్నట్టు మోగే ఆ డ్రమ్స్, అవి ఆల్బంలో లేవు.

ఆల్బం తక్కువదని నేననడం లేదు. డెనిస్ బోవెల్ దాన్ని అద్భుతంగా చేశాడు. జమైకా సంగీతమైన రెగే లయ తెచ్చాడు, వాయిద్యాల మధ్య ఖాళీ తెచ్చాడు. 'న్యూ టౌన్' పాటలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు, చెంచా పడిన చప్పుడు కూడా తాళంలో భాగమయ్యాయి. కానీ అది రెండేళ్లు ఆలోచించుకున్నాక వచ్చిన సంగీతం. రేడియో కోసం చేసింది ఆలోచించుకోకముందు వచ్చిన సంగీతం. నాకు రెండూ కావాలి. ఒకటే ఉంచుకోమంటే మాత్రం రేడియోదే ఉంచుకుంటాను.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట కూడా ఇదే. 1970లలో వచ్చిన కరుకైన, వేగమైన రాక్ సంగీతం పంక్ గానీ, దాని తర్వాత వచ్చిన ఆల్టర్నేటివ్ రాక్ గానీ, ఆల్బమే అసలు అని, రేడియో సెషన్, అంటే రేడియో వాళ్లు బ్యాండ్‌ను పిలిచి తమ స్టూడియోలో చేయించే రికార్డింగు, దానికి అదనంగా దొరికే చిల్లర అని అనుకోవడం మనకు అలవాటైపోయింది. చాలా బ్యాండ్ల విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. సెషన్ ముందు వచ్చింది. పాట ఇంకా కుదురుకుంటున్న రోజుల్లో దాన్ని పట్టుకున్నది సెషనే.

ఈ రికార్డింగులన్నీ ఎందుకు జరిగాయో ముందు చెప్పాలి. ఎందుకంటే పంక్ కోసమని ఎవరూ ఈ ఏర్పాటు చెయ్యలేదు. బ్రిటన్‌లో చాలాకాలం 'నీడిల్ టైమ్' అని ఒక నిబంధన ఉండేది. రికార్డు కంపెనీల తరఫు సంస్థకు, సంగీతకారుల యూనియన్‌కు, బీబీసీకి మధ్య కుదిరిన ఒప్పందం అది. రేడియోలో డిస్కులు ఇన్ని గంటలే వెయ్యాలి, మిగతా సమయానికి సంగీతకారులను పిలిచి, డబ్బిచ్చి వాయించుకోవాలి. రోజంతా డిస్కులే వేస్తే వాయించేవాళ్లకు పని పోతుందని యూనియన్ భయం. మన ఆకాశవాణి విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. విజయవాడ కేంద్రం లలిత సంగీతమైనా, భక్తిరంజని అయినా స్టూడియోలో పాడించి రికార్డు చేసుకున్నవే కదా. బీబీసీ కూడా అదే చేసింది. డాన్స్ ఆర్కెస్ట్రాల ఉద్యోగాలు కాపాడటానికి పెట్టిన నియమం, 1976 వచ్చేసరికి, గిటార్ పట్టుకుని ఏడాది కూడా కాని కుర్రాళ్లకు స్టూడియో తలుపు తెరిచింది. ఆ నియమం 1988లో పోయింది. అప్పటికి సెషన్లు ఎంతగా పాతుకుపోయాయంటే, అవసరం తీరిపోయినా ఆపలేదు.

ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు ఇద్దరు. ఒకరు జాన్ పీల్, రేడియోలో పాటలు వేసి పరిచయం చేసే వ్యాఖ్యాత. అసలు పేరు జాన్ రేవెన్స్‌క్రాఫ్ట్, 1939లో పుట్టాడు. 1967లో బీబీసీ పాప్ సంగీత కేంద్రం రేడియో 1 మొదలైనప్పుడు చేరి, 2004లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. రెండో ఆయన పేరు చాలామందికి తెలియదు, అది నాకు బాధగా ఉంటుంది. జాన్ వాల్టర్స్. పీల్ కార్యక్రమానికి నిర్మాత. అంతకుముందు ఆర్ట్ టీచరుగా పనిచేశాడు, ఒక బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించాడు. ఏ బ్యాండ్‌ను పిలవాలో చూసి, డేట్లు ఖాయం చేసి, పై అధికారులతో మాట్లాడి సర్దుబాటు చేసిన మనిషి ఆయన. పీల్ సాధారణంగా రికార్డింగుకు వెళ్లేవాడే కాదు. మనలాగే ఆయన కూడా రేడియోలో వేసేటప్పుడు వినేవాడు.

అలా మొత్తం 4,000కు పైగా సెషన్లు, 2,000 మందికి పైగా కళాకారులు. అన్నీ గొప్పవి కావు. ఆల్బంలో ఉన్నదాన్ని అచ్చు దింపినట్టు వాయించి వెళ్లిపోయిన బ్యాండ్లు బోలెడు. వాటి మీద నాకు ఆసక్తి లేదు.

ఇప్పుడు ఆ గదిలోకి వెళదాం. మెయిడా వేల్ భవనాన్ని 1909లో స్కేటింగ్ కోసం కట్టారు. 1930లలో బీబీసీ తీసుకుని స్టూడియోలుగా మార్చింది. అందులో పెద్ద హాలు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాది. అదే భవనంలో నాలుగో నంబరు స్టూడియోలో పీల్ సెషన్లు. ఒక వైపు వయొలిన్లు పట్టుకున్న పెద్దమనుషులు వస్తూ పోతూ ఉంటే, అదే వరండాలో చిరిగిన బట్టల కుర్రాళ్లు డ్రమ్స్ మోసుకెళ్లేవాళ్లు.

పద్ధతి ఇదీ. మధ్యాహ్నం వ్యాన్ దిగుతారు. సామాను సర్దుకుని, సౌండ్ చూసుకునేసరికి కొంత పొద్దు పోతుంది. నాలుగు పాటల వాయిద్యాలు అందరూ కలిసి ఒక్కసారిగా వాయిస్తారు. గొంతు, అవసరమైతే ఇంకో గిటార్, తర్వాత చేరుస్తారు. రాత్రి అయ్యేసరికి మిక్సింగ్ కూడా అయిపోవాలి. 'రేపు వచ్చి సరిచేద్దాం' అనే మాటే లేదు. ఎదురుగా జనం ఉండరు కాబట్టి కచేరీ అనలేం. ఆల్బంకు ఉండే తీరికా లేదు. ఆ రెంటి మధ్య ఉన్న ఇరుకు చోటులో ఈ సంగీతం పుట్టింది.

ఇంకొక సంగతి మరచిపోకూడదు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు నిపుణులు. ఉదాహరణకు డేల్ గ్రిఫిన్. మాట్ ది హూపుల్ బ్యాండ్‌లో డ్రమ్మర్ ఆయన. 1981 నుంచి 1994 దాకా బీబీసీకి లెక్కలేనన్ని సెషన్లు చేశాడు. సొంత డబ్బుతో రికార్డు చేసుకునే పంక్ బ్యాండ్‌కు ఇలాంటి మైకులు, ఇలాంటి చెవులు ఎక్కడ దొరుకుతాయి? పైగా యూనియన్ రేటు ప్రకారం వీళ్లకే డబ్బిచ్చేవాళ్లు.

కాలం చాలదనే టెన్షన్ ఏం చేస్తుందో జాయ్ డివిజన్ అనే బ్యాండ్‌తో చూపిస్తాను. వీళ్ల మొదటి పీల్ సెషన్ 1979 జనవరి 31న జరిగింది. మొదటి ఆల్బం 'అన్‌నోన్ ప్లెజర్స్' అదే ఏడాది జూన్‌లో వచ్చింది. ఆ ఆల్బం నిర్మాత మార్టిన్ హానెట్. డ్రమ్స్‌లో ఒక్కో చప్పుడును విడదీసి, డిజిటల్ డిలే (ప్రతిధ్వని పుట్టించే యంత్రం) పెట్టి, గదిని గుహలా చేసినవాడు. 'షీజ్ లాస్ట్ కంట్రోల్' పాటలో తాళంతో పాటు స్ప్రే డబ్బా కొట్టిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఈ రోజు అది చరిత్ర. కానీ ఆ ఆల్బం తొలిసారి విన్నప్పుడు బ్యాండ్‌లో బేస్ వాయించే పీటర్ హుక్, గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నర్ ఇద్దరికీ నచ్చలేదు. స్టేజీ మీద తాము వాయించేది అది కాదన్నారు. మరి స్టేజీ మీద వాయించేది ఎలా ఉండేది? ఇలా.

[జాయ్ డివిజన్ 'షీజ్ లాస్ట్ కంట్రోల్' మొదట జనవరి 1979 సెషన్ నుంచి, తర్వాత ఆల్బం నుంచి, ఒక్కో నిమిషం చొప్పున వినిపించారు.]

రెండూ పక్కపక్కనే వింటే తేడా తెలిసిపోతుంది. సెషన్‌లో నలుగురు ఒకే గదిలో ఉన్నారు. బేస్ మన పక్కనే ఉంది. గాయకుడు ఇయన్ కర్టిస్ గొంతు చుట్టూ పొగమంచు లేదు. ఒక మనిషి మనతో మాట్లాడుతున్నాడు. ఆల్బంలో అదే గొంతు చాలా దూరం నుంచి వస్తుంది. హానెట్ చేసింది గొప్ప పని, కాదనను. కానీ ఈ పాటలోని భయం దూరంలో లేదు, దగ్గరితనంలో ఉందని నా అభిప్రాయం. అదే ఏడాది నవంబరులో వీళ్లు రెండోసారి వచ్చి 'లవ్ విల్ టేర్ అజ్ అపార్ట్' వాయించారు. సింగిల్‌గా ఆ పాట ప్రజల్లోకి వెళ్లింది 1980 జూన్‌లో. అప్పటికి కర్టిస్ లేడు. మే 18న చనిపోయాడు. ఆ పాటను ఇప్పుడు మనం ఎప్పుడు విన్నా ఆయన మరణంతో కలిపే వింటాం. 1979 డిసెంబరులో రేడియోలో విన్నవాళ్లకు అది ఒక కొత్త పాట, అంతే. నిజంగా వాళ్లంటే నాకు అసూయ.

సూజీ అండ్ ది బాన్షీస్ సంగతి వేగంగా చెప్పి ముందుకు వెళతాను. 1977 నవంబరులో మొదటి సెషన్, 1978 ఫిబ్రవరిలో రెండోది. ఈ రెండూ అయ్యేదాకా ఏ కంపెనీ వాళ్లతో ఒప్పందం చేసుకోలేదు. పాలిడార్ అనే రికార్డు కంపెనీ ఈ బ్యాండ్‌ను తీసుకున్నది 1978 జూన్‌లో. రెండో సెషన్‌లో వాయించిన 'హాంకాంగ్ గార్డెన్' ఆ ఆగస్టులో సింగిల్‌గా వచ్చి బ్రిటన్ చార్టుల్లో ఏడో స్థానానికి వెళ్లింది. ఆరు నెలల ముందే రేడియో శ్రోతలకు అది తెలిసిన పాట.

అందరూ ఈ పద్ధతికి ఒదిగారనుకోకండి. ది క్లాష్ ఒక సెషన్ మొదలుపెట్టి, అక్కడి సామగ్రి తమకు సరిపోదని మధ్యలో వదిలేసి వెళ్లారు. ఆ వయసులో, ఆ ఊపులో ఉన్న క్లాష్ నుంచి ఒక నాలుగు పాటలు మనకు దక్కకుండా పోయాయి. ఇంతకంటే నష్టం నాకు తోచదు.

ది స్మిత్స్ దగ్గర కొంచెంసేపు ఆగుతాను. 'దిస్ చార్మింగ్ మ్యాన్' బాణీ ఆ బ్యాండ్ గిటారిస్టు జానీ మార్ కట్టింది పీల్ సెషన్ కోసమే. 1983 సెప్టెంబరులో ఆ సెషన్ జరిగింది, అక్టోబరు చివర్లో సింగిల్ వచ్చింది. అంటే రేడియో వాళ్లు పిలిచారు కాబట్టి ఆ పాట పుట్టింది. ఇక వాళ్ల మొదటి ఆల్బం కథ వేరు. ట్రాయ్ టేట్ నిర్మాతగా రికార్డు చేసిందంతా పక్కన పడేసి, జాన్ పోర్టర్ నిర్మాతగా మళ్లీ చేశారు. 1984 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే 'హాట్‌ఫుల్ ఆఫ్ హాలో' అనే సంకలనం తెచ్చారు. అందులో ఎక్కువ భాగం పీల్, డేవిడ్ జెన్సెన్ కార్యక్రమాల కోసం చేసిన రేడియో సెషన్లు. ఒక బ్యాండ్ తన ఆల్బం వచ్చిన ఏడాదిలోనే అవే పాటల రేడియో రూపాలను అమ్మకానికి పెట్టిందంటే అర్థం చేసుకోండి. అభిమానుల్లో చాలామంది ఇప్పటికీ ఆల్బం పక్కనపెట్టి దీన్నే వింటారు. నేనూ ఆ పక్షమే. 'రీల్ అరౌండ్ ది ఫౌంటెన్' సెషన్‌లో విన్నాక ఆల్బంలో వినడానికి మనసొప్పదు.

నపామ్ డెత్ గురించి ఒక్క మాట. 1987 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చారు. పన్నెండు పాటలు చేశారు. అన్నీ కలిపినా ఆరు నిమిషాలు దాటవు. దీన్ని వింతగా చూపించి నవ్వేవాళ్లుంటారు. దయచేసి అలా వినకండి. డ్రమ్స్ వేగాన్ని, ఆ వేగంలోనూ నలుగురూ ఒకే చోట ఆగడాన్ని గమనించండి. ఎంత సాధన చేస్తే అది వస్తుంది! ఇంత అతివేగ సంగీతాన్ని దేశమంతా వినే ప్రభుత్వ రంగ రేడియోలో, మిగతా అందరితో సమానంగా, మర్యాదగా వేశాడు పీల్. ఆయన మీద నాకున్న గౌరవానికి ఇదే పెద్ద కారణం.

అమెరికా బ్యాండ్లు కూడా లండన్ వచ్చినప్పుడు ఈ గదికి వచ్చేవి. నిర్వాణ మూడుసార్లు వచ్చింది. మొదటిది 1989లో. రెండోది 1990 అక్టోబరు 21న. డ్రమ్మర్ డేవ్ గ్రోల్ బ్యాండ్‌లో చేరి అప్పటికి నెల దాటిందేమో, అంతే. ఆ రోజు ఒక్కటి కూడా సొంత పాట వాయించలేదు. వైపర్స్‌ది ఒకటి, డీవోది ఒకటి, ది వాసలీన్స్ అనే స్కాట్లండ్ చిన్న బ్యాండ్‌వి రెండు. దేశమంతా వినే రేడియోలో దొరికిన అవకాశాన్ని తమకిష్టమైన వేరేవాళ్ల పాటలకు ఇచ్చేశారు. వాసలీన్స్ పేరు ప్రపంచానికి తెలిసిందంటే ఇలాంటి పనుల వల్లే.

మూడో సెషన్ 1991 సెప్టెంబరు 3న. వాళ్లను ప్రపంచ ప్రసిద్ధులను చేసిన 'నెవర్‌మైండ్' ఆల్బం విడుదల సరిగ్గా మూడు వారాల దూరంలో ఉంది. ఇందులో 'డమ్' వినాలి మీరు. అందరికీ తెలిసిన రూపం 1993లో 'ఇన్ యూటెరో' ఆల్బంలో వచ్చింది, అందులో చెల్లో ఉంటుంది. ఇక్కడ చెల్లో లేదు.

[నిర్వాణ 'డమ్', సెప్టెంబరు 1991 సెషన్ నుంచి వినిపించారు.]

గిటార్, బేస్, డ్రమ్స్, ఆ గొంతు. పాట పూర్తిగా ఉంది, అలంకారమే ఇంకా రాలేదు. ఇంకో మూడు వారాల్లో జీవితం తలకిందులు కాబోతున్న మనిషి, కర్ట్ కోబేన్, పాడుతున్నాడు, ఆ సంగతి అతనికి తెలియదు. ఆ తెలియకపోవడం గొంతులో వినిపిస్తుందని నాకనిపిస్తుంది.

ఇక్కడ మన దేశానికి ఒక సంబంధం ఉంది. అదే ఏడాది నవంబరు 9న నిర్వాణ మళ్లీ బీబీసీకి వచ్చింది, ఈసారి మార్క్ గుడియర్ కార్యక్రమం కోసం. ఆ సెషన్ చేసింది మితి అధికారి. కోల్‌కతా మనిషి. మెయిడా వేల్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజనీరు. ఆ రోజు ఆయన చేసిన 'అన్యూరిజమ్', 'బీన్ ఎ సన్', వేగం పెంచిన 'పాలీ' ఆ తర్వాత 1992లో 'ఇన్‌సెస్టిసైడ్' సంకలనంలోకి వెళ్లాయి. నిర్వాణ అభిమానులు ప్రపంచమంతా వినే 'అన్యూరిజమ్' ఒక బెంగాలీ ఆయన మిక్స్ చేసింది. మన కుర్రాళ్లు టీషర్టు మీద ఆ బ్యాండ్ పేరు వేసుకుని తిరుగుతారు, ఈ పేరు మాత్రం వాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇంకో దారి కూడా ఉండేది. బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో పీల్‌కు విడిగా ఒక కార్యక్రమం ఉండేది, ఏళ్ల తరబడి నడిచింది. షార్ట్‌వేవ్ పట్టగలిగిన రేడియో ఉంటే, మన ఊళ్లలో కూర్చుని కూడా ఆ గొంతు వినే వీలుండేది. మా ముందు తరంలో అలా విన్నవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే చివర్లో తప్పకుండా నన్ను కలవండి.

పీజే హార్వే 1991 అక్టోబరులో మొదటిసారి వచ్చింది. ఆల్బం రావడానికి ఇంకా నెలలుంది. ముగ్గురే, ఆమె గిటార్, ఒక బేస్, ఒక డ్రమ్స్. 'షీలా నా గిగ్' ఆ రోజు చేసిన నాలుగింటిలో ఒకటి. పీల్ పోయాక, 2006లో ఆమె తన సెషన్ల నుంచి ఏరి ఒక ఆల్బం తెచ్చింది. పీల్‌కు నివాళిగా వచ్చినవాటిలో అంత నిండైనది ఇంకొకటి నాకు తెలియదు.

ఇవన్నీ ఇప్పుడు మనకు సులువుగా దొరుకుతున్నాయి కాబట్టి, ఎప్పుడూ దొరికేవనుకుంటాం. కాదు. బీబీసీ పాత టేపుల మీద కొత్తవి రికార్డు చేసి ఎన్నో సెషన్లు చెరిపేసింది. కొన్ని మిగిలాయంటే కారణం శ్రోతలు. రాత్రి పదింటికి రేడియో ముందు క్యాసెట్ రికార్డరు పెట్టుకుని, రెండు బటన్లూ కలిపి నొక్కి, పీల్ పాట మీద మాట్లాడకూడదని దేవుడికి దండం పెట్టుకున్న పిల్లలు. అలా ఇళ్లలో చేసుకున్న క్యాసెట్ల నుంచే కొన్ని రికార్డింగులు బయటపడ్డాయి. 1986లో పీల్, క్లైవ్ సెల్వుడ్ కలిసి స్ట్రేంజ్ ఫ్రూట్ అనే లేబుల్ పెట్టి సెషన్లను డిస్కులుగా తేవడం మొదలుపెట్టారు. అప్పటినుంచే ఇవి దుకాణాల్లో విరివిగా దొరికాయి. మెయిడా వేల్ భవనాన్ని బీబీసీ 2023లో అమ్మేసింది. కొన్నవాళ్లలో సినిమా సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఒకరు. అది స్టూడియోగానే కొనసాగుతుందని చెప్పారు, అంతవరకు సంతోషం.

చివరగా ది ఫాల్. మాంచెస్టర్ బ్యాండ్. 1978 నుంచి 2004 వరకు 24 పీల్ సెషన్లు చేశారు, ఎవరికీ ఇన్ని లేవు. ఆ ఇరవై ఆరేళ్లలో వాయించేవాళ్లు మారుతూనే ఉన్నారు. మొదటి నుంచి చివరి దాకా ఉన్నది గాయకుడు మార్క్ ఇ. స్మిత్ ఒక్కడే. పీల్ ఈ బ్యాండ్ గురించి, ఎప్పుడూ వేరుగానే ఉంటారు, ఎప్పుడూ ఒకేలానే ఉంటారు అన్నాడు. 2005లో ఈ సెషన్లన్నీ కలిపి ఆరు డిస్కుల పెట్టె వచ్చింది. వరుసగా వింటే ఒక మనిషి జీవితం వినిపిస్తుంది. కుర్రతనం, కోపం, 1980ల మధ్యలో బ్యాండ్ బలంగా నిలబడ్డ కాలం, తర్వాత తడబాటు, మళ్లీ పుంజుకోవడం. మామూలు ఆల్బంల వరుసలో ఇంత స్పష్టంగా ఇది దొరకదు. ఆల్బంకో నిర్మాత, ఆల్బంకో బడ్జెట్. ఇక్కడ భవనం అదే, కొలత అదే, ఒక రోజు, నాలుగు పాటలు. మారింది బ్యాండ్ మాత్రమే.

ఆఖరి సెషన్ 2004 ఆగస్టులో జరిగింది. అక్టోబరు 25న పీల్ పెరూలోని కుస్కోలో చనిపోయాడు. ఆ సెషన్‌లో 'బ్లైండ్‌నెస్' అనే పాట ఉంది. మరుసటి ఏడాది ఆల్బంలో కూడా వచ్చింది, కానీ నా దృష్టిలో దీనికి అది సరితూగదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే బేస్ వరస. అది మారుతుందని ఎదురుచూడకండి, మారదు. దాని మీద స్మిత్ ఏం చేస్తున్నాడో వినండి, ఎక్కడ ఆగుతున్నాడో వినండి. కాస్త పొడుగు పాట, పూర్తిగా వేస్తాను. ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.

[ది ఫాల్ 'బ్లైండ్‌నెస్', ఆగస్టు 2004 సెషన్ నుంచి పూర్తిగా వినిపించారు.]